మొదటి సెక్టారు

హవల్లీలో మెట్ల కింద కొట్టు మాది.
పైన పాకిస్తానీ టైలరు, పక్కన మలబారీ జ్యూసు,
మధ్యలో స్క్రూడ్రైవర్లతో నేను.
నా బతాకాలో మాత్రం ‘వంటవాడు’ అని ఉంటుంది.
కోడిగుడ్డు పగలగొట్టడం కూడా సరిగా రాదు నాకు.

గురువారం రాత్రి పెంచలమ్మ లాప్‌టాప్ తెరిచాను.
కఫీలు కొడుకు వాడి వదిలేసింది,
మూత మీద ఇంకా ఫుట్‌బాల్ స్టిక్కరు, సగం గీకేసి.
లోపల ఆమె చీటీల లెక్క:
నలభై రెండు మంది, నెలకు ఇరవై దినార్లు,
సాల్మియా నుంచి జహ్రా దాకా పరుచుకున్న వంటిళ్లు.
“కొత్త విండోస్ ఎయ్యి అబ్బీ,
పాతది పొద్దన్నుంచీ పోరు పెడతాంది.”

పాత డిస్కు. ఎంబీఆర్ పద్ధతి.
ఐదొందల పన్నెండు బైట్ల మొదటి సెక్టారు,
దారి చూపేవాడూ ఇంటి పటమూ ఆ ఒక్క అరుగు మీదే.
నాలుగు గదులు రాసేసరికి జాగా అయిపోతుంది.
జీపీటీకి గదుల కొదవ లేదు,
పైగా పటం నకలొకటి డిస్కు చివర దాస్తుంది,
పాస్‌పోర్టు జిరాక్సు పరుపు కింద పెట్టుకున్నట్టు.

కమాండ్ కొట్టాను. ముందు సరిచూడమని, తర్వాత మార్చమని.
ఒక్క ఫైలూ చెదరలేదు.
తాళాలు పెట్టుకునే చిన్న గది కోసం
ఒక గోడ కాస్త జరిగింది, అంతే.
సక్సెస్ అంది తెర. చాయ్ చెప్పాను.
చాయ్ వచ్చేలోపు రీస్టార్ట్ కొట్టాను.

నలుపు.
మూలన ఒక తెల్లగీత ఆరుతూ వెలుగుతూ.
బూటయ్యే డిస్కే లేదంటుంది.
ఉంది నాయనా, నీ కళ్లముందే ఉంది,
నువ్వే పూడ్చేసిన పాత గుమ్మం దగ్గర నిలబడి తడుతున్నావు.
బోర్డు ఇంకా లెగసీలో ఉంది. యూఈఎఫ్ఐకి తిప్పాలి.
రెండు మీటల పని.
ఎఫ్ టూ నొక్కాను.
పాస్‌వర్డ్ అడిగింది.

ముందే చూసుకోవాల్సింది.
పదకొండేళ్ల సర్వీసు, సిగ్గుండాలి.

శుక్రవారం ఆమెకు రెండు గంటలే సెలవు.
“లెక్కలు పోయినాయా?”
పోలేదు.
“మరి చూపీ.”
ఇప్పుడే చూపించలేను.
“అంటే పోయినట్టే గదప్పా.”
డిస్కు విప్పి నా మిషనుకు తగిలించాను.
నలభై రెండు పేర్లూ వరసగా.
“నీ కాడ తెరుచుకుంటే నాకేం లాభం?”

పిల్లోడికి ఫోను చేసింది.
ఎడారిలో గుడారమేసుకున్నాడట, ఫోను నిండా గాలి హోరు.
ఆమెది వంటింట్లో నేర్చిన అరబ్బీ,
అందులో క్రియలన్నీ ఆజ్ఞలే:
తే, కడుగు, మూయి, పో.
ఆ వరసలోనే అడిగింది: చెప్పు.
అవతల నవ్వు. తర్వాత ఒక్కొక్క అక్షరం.
ఏ. కే. ఏ. ఎల్. ఐ.

కొట్టాక గాని చదవలేదు నేను.
ఆకలి.

“మూడేండ్లప్పుడు నేర్చినాడు,” అంది,
“వాళ్లమ్మ ముందర అనేవాడు కాడు.”
చున్నీ కొసతో తెర తుడిచింది, దుమ్మేమీ లేదు దానిమీద.

డిస్కు మళ్లీ బిగించాను. లెగసీ తీసేశాను. సేవ్ చేశాను.
ఫ్యాను ఒకసారి దగ్గింది.
చుక్కలు గుండ్రంగా తిరిగాయి, తిరిగాయి, లాగిన్ వచ్చింది.

ఆమెకు చెప్పలేదు గాని,
జీపీటీ కూడా మొదటి సెక్టారులో
పాతకాలపు కాగితమొకటి అతికించే ఉంచుతుంది:
ఈ డిస్కంతా ఒకటే గది, నిండింది, తాకొద్దు అని.
అబద్ధం.
అది లేకపోతే పాత పనిముట్లు
ఖాళీ అనుకుని తుడిచేస్తాయి.

మూడు దినార్లు అడిగితే రెండిచ్చింది.
కొత్త చీటీలో ఒక పేరు తక్కువుందట,
మగోడివైనా పర్లేదులే అంది.
పేరు కొట్టింది, ఫోను నంబరు కొట్టింది.
తర్వాత గడి దగ్గర వేలు ఆగింది.
“పని?”

బయట పోలీసు బండి నెమ్మదిగా పోతోంది.
వంట, అన్నాను.